నాలుకకు కాస్త గడువివ్వండి

కొత్త ఊరు, కొత్త ఉద్యోగం, కొత్త పై అధికారి, ఇంటికొచ్చిన కొత్త కోడలు. వీటన్నిటి గురించీ మొదటి గంటలోనే మనకో అభిప్రాయం ఏర్పడిపోతుంది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఆ అభిప్రాయాన్ని కాపాడుకోవడానికే తెలివంతా ఖర్చుపెడతాం. ఈ అలవాటు ఉపన్యాసాలతో పోయేది కాదు. ఒంటికి నేర్పితే మనసు వెంట వస్తుందని నా నమ్మకం. అందుకే ఈ అధ్యాయంలో మీ చేత ఒక చిన్న పని చేయించబోతున్నాను. హిమాలయాల వాలుల్లో పెరిగే ఓ ముళ్ళపొద కాయ తొక్కను మీ నాలుక చివర పెట్టుకోమంటాను. పెట్టుకుంటే ఏమవుతుందో, ఎందుకవుతుందో ముందే చెబుతాను. ఆపైన మీ ఇష్టం.

ఆ పొదను నేపాలీలు టిముర్ అంటారు. గఢ్వాల్ కొండల్లో టిమ్రు అంటారు. ఆయుర్వేదంలో తుంబురు పేరుతో వాడేది దీన్నే. శాస్త్రీయ నామం జాంథోక్సైలమ్ ఆర్మేటమ్. కొండవాలుల్లో, అడవి అంచుల్లో దానంతట అది మొలుస్తుంది. రైతులు పొలం గట్ల మీద కంచెగానూ పెంచుతారు. కొమ్మల నిండా ముళ్ళు, అవీ జంటలు జంటలుగా. ఆకు ఈనె మీద కూడా ముల్లుంటుంది. ఆకు నలిపితే నిమ్మవాసన కొడుతుంది, ఎందుకంటే ఇది నిమ్మ కుటుంబపు మొక్కే. మన పెరట్లో కరివేపాకు, శివుడికి పెట్టే మారేడు, వినాయక చవితినాడు పాలవెల్లికి కట్టే వెలగ కూడా ఆ కుటుంబంలోవే. దీనికి వరసకు అన్నదమ్ములయ్యే చైనా కాయలను బజారులో సిచువాన్ పెప్పర్ అని అమ్ముతారు గానీ, మిరియాలతో వీటికి ఏ చుట్టరికమూ లేదు. మిరియం తీగకు కాస్తుంది, దాని కుటుంబమే వేరు.

టిముర్ కాయలు మిరియపు గింజ ప్రమాణంలో, గుత్తులుగా కాస్తాయి. పచ్చగా మొదలై ఎర్రబడతాయి. ఎండాక నడిమికి పగిలి నోరు తెరుస్తాయి. లోపల నల్లగా నిగనిగలాడే విత్తనం ఉంటుంది. చూడగానే మసాలా అదే అనుకుంటారు అందరూ. విత్తనాన్ని పారబోసి పై తొక్కను దాచుకుంటారు. విత్తనం నమిలితే పళ్ళ కింద ఇసుక తగిలినట్టే.

ఈ జాతి మొక్కలు ఆసియాలో చాలా దేశాల వంటింట్లో ఉన్నాయి. చైనాలో హువాజియావో. సిచువాన్‌లోని హాన్‌యువాన్ ప్రాంతపు కాయకు ఎంత పేరంటే, అది చక్రవర్తులకు కప్పంగా వెళ్ళేది. హాన్ వంశపు కాలంలో పట్టమహిషి మందిరం గోడలకు ఈ కాయల పొడి కలిపిన మట్టి పూసేవారు. వెచ్చదనానికి, సువాసనకు, గుత్తులుగా కాసే ఆ కాయల్లా సంతానం కలగాలన్న కోరికకు. జపాన్‌లో సన్‌షో అంటారు, వకాయామా ప్రాంతంలో ఎక్కువగా పండిస్తారు. కొంకణంలో చేపల కూరలో వేసే తిర్‌ఫల్ కూడా ఇదే జాతికి చెందిన చెట్టు కాయ. ఆ చెట్టు మన తూర్పు కనుమల్లోనూ ఉంది. సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ దాన్ని రచ్చమాను అన్న తెలుగు పేరుతోనే నమోదు చేశాడు. కొండల్లోని జనం దాని నీడన కూర్చుని తమ సంగతులు తేల్చుకుంటారని కూడా రాశాడు. శాస్త్రీయ నామంలో ఇవాళ్టికీ ఆ ‘రెట్సా’ నిలిచే ఉంది.

కాబట్టి ఇది పూర్తిగా పరాయి వస్తువేం కాదు. ఇంకో మాట. డాబర్ రెడ్ టూత్‌పేస్టు పెట్టె మీద పదార్థాల జాబితా చదవండి. లవంగం, పుదీనాలతో పాటు తోమర్ అని ఉంటుంది. అది ఈ పొదే. మీలో కొందరు రోజూ పొద్దున్నే దీన్ని నోట్లో పెట్టుకుంటూనే ఉన్నారన్నమాట, పేరు తెలియకుండా.

ఇప్పుడు నాలుక సంగతికి వద్దాం. తొక్క ముక్క ఒకటి ముందు పళ్ళతో కొరికి నాలుక చివర ఉంచితే, మొదట నిమ్మతొక్క వాసన, కాస్త చేదు తెలుస్తాయి. దాదాపు ఏమీ జరగలేదనిపిస్తుంది. కాసేపటికి నాలుక కొస జివజివలాడడం మొదలవుతుంది. లాలాజలం ఊరుతుంది. ఆ జివ్వుమనడం పెదవులకు పాకుతుంది. తర్వాత ఆ భాగమంతా కొంచెం మొద్దుబారుతుంది. మంట ఉండదు. మిరపకాయ తిన్నప్పటి చెమటా ఉండదు. మన పెద్దవాళ్ళకు అక్కలకర్ర తెలుసు. మాటలు ఆలస్యంగా వచ్చే పిల్లల నాలుకకు రాసేవారు, పంటినొప్పికి కొరికేవారు. దాన్ని నమిలినవారికి ఈ జివజివ కొత్తగా అనిపించదు. రెండింటిలోనూ పనిచేసేవి ఒకే కోవకు చెందిన రసాయనాలు.

టిముర్‌లో ఉన్న ఆ పదార్థాన్ని శాన్‌షూల్ అంటారు. మిరపకాయలోని కాప్సైసిన్ వేడిని కనిపెట్టే నరాలను తట్టి లేపుతుంది. శాన్‌షూల్ మాత్రం స్పర్శను, కంపనాన్ని కనిపెట్టే నరాలను కదుపుతుంది. 2013లో లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు ఓ ముచ్చటైన ప్రయోగం చేశారు. కొందరి పెదవులకు సిచువాన్ కాయ పొడి పూసి, వాళ్ళ వేలికి ఒక కంపించే పరికరం తగిలించారు. పెదవి మీద తెలిసే అదురు వేలి మీది అదురుకంటే వేగంగా ఉందా, నెమ్మదిగా ఉందా అని అడుగుతూ పోయారు. జవాబు సెకనుకు 50 సార్ల దగ్గర కుదిరింది. మన ఇళ్ళకొచ్చే కరెంటు కూడా సెకనుకు అన్నిసార్లే ఊగుతుంది. ఈ కాయను రుచి చూసినవాళ్ళలో చాలామంది ‘కరెంటు కొట్టినట్టుంది’ అంటారు. ఆ మాట అంత దగ్గరగా నిజమని వాళ్ళకు తెలియదు.

ఇక్కడే నాకు కావలసిన పాఠం ఉంది. పెదవి మీద ఏదీ కదలడం లేదు. నరం మాత్రం కదులుతోందని కబురు పంపుతోంది. ఆ కబురు అందగానే చాలామంది ‘ఇదేదో పాడైపోయింది’, ‘నాకిది పడదు’ అని ఉమ్మేస్తారు. కబురు నిజమే. దానికి తగిలించిన అర్థం మాత్రం మనది. జివ్వుమంది అన్నది అనుభవం. ప్రమాదం అన్నది మన ఊహ. ఈ రెంటి మధ్య ఉన్న సందు సామాన్యంగా మనకు కనిపించదు, అవి అంత వేగంగా అతుక్కుపోతాయి. ఈ కాయ ఆ సందును కొద్ది నిమిషాల పాటు తెరిచి ఉంచుతుంది. కొత్త ఆఫీసులో మొదటి మీటింగులో గుండె దడదడలాడితే ‘ఇక్కడ నేను ఇమడలేను’ అనుకోవడంలోనూ ఇదే జరుగుతుంది. దడ నిజం. ఇమడలేనన్నది అప్పుడే తేలే విషయం కాదు.

మొదటి కబురుకే తీర్పు చెప్పకుండా ఆగే ఈ పనిని మన జాతి మొత్తం ఒకసారి చేసి చూపించింది. మిరపకాయ ఈ నేల పంట కాదు. దక్షిణ అమెరికా, మెక్సికోల నుంచి పోర్చుగీసు ఓడల్లో 16వ శతాబ్దంలో ఈ దేశపు రేవులకు చేరింది. శ్రీనాథుడి విస్తట్లో మిరపకాయ లేదు. 1503లో కన్నుమూసిన అన్నమయ్య దాని రుచి ఎరగడు. మిరియాలు, పిప్పళ్ళు, అల్లం, ఆవాలతోనే వాళ్ళ కారమంతా నడిచింది. ఇవాళ గుంటూరు మిర్చి యార్డు లేని తెలుగుదేశాన్ని ఊహించలేం. ఆవకాయ మా తాతముత్తాతల నాటిదని ఘనంగా చెప్పుకుంటాం. మొదటిసారి ఆ కాయ కొరికిన తెలుగువాడి నోరు భగ్గుమని ఉంటుంది, కళ్ళ నీళ్ళు తిరిగి ఉంటాయి. అయినా ఎవరో రెండోసారి కొరికారు. ఆ రెండోసారి కొరికినవాళ్ళ మీద నాకు చాలా గౌరవం.

పాల్ రోజిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త మంట పుట్టించే కాయను మనుషులు ఎందుకు ఇష్టపడతారన్న ప్రశ్న మీద మెక్సికోలోని ఒక కొండ గ్రామంలో పనిచేశాడు. ఆ ఊళ్ళో పందులూ కుక్కలూ రోజూ మిరపకారం కలిసిన ఎంగిలి మెతుకులు తినేవి. అయినా కారమున్నదీ లేనిదీ రెండూ ముందు పెడితే వాటికి కారం మీద మోజు కనిపించలేదు. అదే ఊళ్ళో పిల్లలు మాత్రం చిన్నతనంలోనే, ఎవరూ బలవంతపెట్టకుండానే, పెద్దవాళ్ళను చూసి కారానికి అలవాటుపడి తర్వాత అదే కావాలనేవారు. నోటికి తగిలే మంట ఇద్దరికీ ఒకటే. చుట్టూ ఆనందంగా తింటున్న మనుషులు ఉండడమే తేడా. కొత్తదాన్ని ఒంటరిగా ఎదుర్కోవద్దని నేను చెప్పేది అందుకే.

ఇక మీ వంతు. కాయలు ఎక్కడ దొరుకుతాయంటే, ఆన్‌లైన్‌లో టిముర్ పేరుతోనూ సిచువాన్ పెప్పర్ పేరుతోనూ దొరుకుతాయి. పెద్ద సూపర్ మార్కెట్లలో ఉంటాయి. చార్‌ధామ్ యాత్రకు వెళ్ళే బంధువులుంటే తెమ్మనండి. ఆ కొండల్లో టిమ్రు కొమ్మతో పళ్ళు తోముకుంటారు, చేతికర్ర చేసుకుంటారు. అమెరికాలో ఉన్న పిల్లలు ‘ఇక్కడ దీన్ని నిషేధించారట’ అంటే కంగారుపడకండి. 1968 నుంచి 2005 దాకా ఆ దేశం దిగుమతిని ఆపిన మాట నిజమే. మనుషులకు హాని అని ఆపలేదు. ఇది నిమ్మ కుటుంబానిది కదా, దీనితో పాటు నిమ్మ గజ్జి తెగులు వచ్చి తమ తోటల్లో పడుతుందేమోనని భయపడ్డారు. 2005లో కాయలను తగినంత వేడిచేసి పంపాలన్న షరతుతో అనుమతించారు.

కొనేటప్పుడు పొడి కొనకండి. పొడిలో ఆ జివ్వుమనే గుణం, వాసన త్వరగా తగ్గిపోతాయి. తొక్కలు బాగా విచ్చుకుని, రంగు తేరి, మూత తీయగానే నిమ్మవాసన గుప్పుమనాలి. నల్ల విత్తనాలు ఎక్కువగా కనిపిస్తే అది సరిగ్గా బాగుచేయని సరుకు.

ఇంటికి తెచ్చాక చాటలో పోసి, దీపం దగ్గర కూర్చుని ఏరండి. ఈ ఏరడాన్ని వదిలేయకండి, పనిమనిషికి అప్పగించకండి. విత్తనాలు తీసేయాలి, చిన్న పుల్లలు తీసేయాలి, అక్కడక్కడా ముల్లు ఉంటుంది. అది మీ వేలికి తగిలినప్పుడు ఆ కాయ కోసిన చేతుల గురించి ఆలోచించండి. పశ్చిమ నేపాల్‌లోని సల్యాన్ వంటి కొండ జిల్లాల్లో వానలు వెనకపట్టాక కోత మొదలవుతుంది. యంత్రాలతో అయ్యే పని కాదది. ఒక చేత్తో కొమ్మ వంచి, జంట ముళ్ళ మధ్య నుంచి గుత్తిని వేళ్ళతో తుంచాలి. తొందరపడితే చెయ్యి చీరుకుపోతుంది. తొందర ఆపుకోలేనివాళ్ళు, ముఖ్యంగా అడవిలో ఎవరి సొంతమూ కాని పొదల దగ్గర, కొమ్మకు కొమ్మే నరికి కింద కూర్చుని దులుపుకుంటారు. ఆ రోజుకు పని తేలికవుతుంది. వచ్చే ఏడు కాయాల్సిన కొమ్మ మాత్రం పోతుంది. కోశాక మబ్బు పడితే తొక్క నల్లబడి ధర పడిపోతుంది కాబట్టి ఆకాశం చూసుకుని కోయాలి. ఆ కాయల్లో చాలా భాగం మన దేశానికే వస్తుంది. మందుల తయారీకి, టూత్‌పేస్టుకు, మసాలాకు. ఇదంతా తెలిసి నోట్లో పెట్టుకున్న తొక్క, తెలియక పెట్టుకున్న తొక్కలా అనిపించదు. కొత్త వస్తువును గానీ, కొత్త మనిషిని గానీ అంచనా కట్టే ముందు అది ఏ దారిన మన దాకా వచ్చిందో తెలుసుకోవడం నేను నమ్మే పద్ధతి. అంచనా తప్పకుండా మారాలని లేదు. కానీ కాస్త నిదానిస్తుంది.

మొదటి రోజు ఒక తొక్కలో సగం చాలు. భోజనానికి ముందు, ఫోను పక్కన పెట్టి, కూర్చుని చేయండి. జివ్వుమనడం మొదలవగానే ఉమ్మాలనిపిస్తుంది. అలా అనిపించడాన్ని కూడా గమనించండి. ఎక్కడ మొదలైంది, ఎటు పాకింది, ఎప్పుడు తగ్గింది అని నోట్‌బుక్కులో రెండు ముక్కలు రాయండి. బాగుందా లేదా అన్నది మాత్రం ఆ రోజు రాయవద్దు. పిల్లల ఆహారపు అలవాట్ల మీద జరిగిన పరిశోధనలు ఒక విషయం పదే పదే చెప్పాయి. కొత్త కూరను ఒకసారి వద్దన్న పిల్లవాడికి బలవంతం లేకుండా పదిసార్ల దాకా రుచి చూపిస్తే చాలామంది దాన్ని ఒప్పుకుంటారు. మన ఇళ్ళలో రెండోసారికే ‘వీడికి కాకరకాయ పడదు’ అని ముద్ర వేసేస్తాం. పెద్దయ్యాక వాడూ అదే చెప్పుకుంటాడు.

కొన్ని రోజులు ఆగి, ఈసారి దాన్ని మీకు తెలిసిన రుచి పక్కన పెట్టండి. నేపాలీలు టిముర్‌తో చేసే టమాటా అచార్ మన రోటి పచ్చడికి ఎంత దగ్గరంటే, మీ అమ్మగారు చూస్తే ఇదేం కొత్త అంటారు. నాలుగు టమాటాలు నిప్పుల మీదో స్టవ్ మీదో తొక్క మాడేదాకా కాల్చండి. ఎండుమిరపకాయలు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు వేయించండి. అర చెంచాడు టిముర్ తొక్కలను సన్నని సెగ మీద వాసన వచ్చేదాకా వేపండి. మాడితే చేదెక్కుతుంది, దగ్గరే నిలబడండి. ముందు టిముర్, ఉప్పు, మిరపకాయలు, వెల్లుల్లి రోట్లో మెత్తగా నూరి, తర్వాత టమాటాలు వేసి నాలుగు పోట్లు వేయండి. పైన కొత్తిమీర. వేడన్నంలోకి, దోసెలోకి బాగుంటుంది. ఇంకా తేలిక కావాలంటే టిముర్ కో ఛోప్ అని వాళ్ళకో పొడి ఉంది. టిముర్, ఎండుమిరప, ఉప్పు, వెల్లుల్లి కలిపి దంచుతారు, అంతే. మన కారప్పొడి డబ్బా పక్కన దాని డబ్బా కూడా పెట్టుకోవచ్చు. మిరప మంటా ఈ జివజివా కలిసినప్పుడు మంట కొంచెం తేలికపడినట్టు అనిపిస్తుంది. సిచువాన్ వంటలో ఈ రెంటినీ కలిపి వాడడం వెనక తరాల అనుభవం ఉంది. చెంగ్డూ నగరంలో పుట్టిన మాపో తోఫూలో మీకు తగిలేది ఈ జంటే. చైనాలో వైద్యవిద్య చదవడానికి వెళ్ళిన మన పిల్లలు చాలామంది క్యాంటీన్లో ఈ జంటతోనే మొదటి యుద్ధం చేశారు. కొందరు నాలుగైదేళ్ళూ గదిలో అన్నం, ఆవకాయతో గడిపారు. ఇంకొందరు మెల్లగా ఆ బల్లల దగ్గర కూర్చోవడం నేర్చుకున్నారు. వాళ్ళకు రుచితో పాటు స్నేహితులు కూడా దొరికారు. చదువు ఇద్దరిదీ ఒకటే అయినా, ఆ ఏళ్ళు వాళ్ళు బతికిన తీరు ఒకటి కాదు.

వైద్యం సంగతి విడిగా చెప్పాలి. నేపాల్‌లో పంటినొప్పికి టిముర్ నములుతారు, కడుపు బాగాలేనప్పుడు వాడతారు. ఉత్తర అమెరికాలో ఇదే జాతి చెట్టు ఒకటి ‘పంటినొప్పి చెట్టు’ అన్న పేరుతోనే ప్రసిద్ధం. సముద్రాలకు అటూ ఇటూ ఒకరినొకరు ఎరగని జనం ఒకే వాడకానికి చేరుకున్నారు. జపాన్‌లో సన్‌షో, శొంఠి, జిన్‌సెంగ్, మాల్ట్ చక్కెర కలిపిన దాయ్‌కెంచూతో అనే సంప్రదాయ ఔషధాన్ని కడుపు ఆపరేషన్ల తర్వాత పేగుల కదలిక కోసం అక్కడి డాక్టర్లే రాస్తారు. ఇవన్నీ నిజాలే. ఈ నిజాల మీద ‘సర్వరోగ నివారిణి’ అని బోర్డు కట్టి అమ్మేవాళ్ళను మాత్రం నమ్మకండి. తిమ్మిరెక్కిస్తే నొప్పి తెలియదు, పుచ్చిన పన్ను పుచ్చుతూనే ఉంటుంది. డెంటిస్టు దగ్గరకు వెళ్ళాల్సిందే. గర్భిణులు, రోజూ మందులు వాడేవారు చిటికెడు మసాలాకు మించి వాడాలనుకుంటే డాక్టర్ని అడగాలి. నిమ్మజాతి పండ్లు పడనివారు ఈ అభ్యాసం చేయనే వద్దు.

హైదరాబాదులో మోమో బళ్ళు వీధికొకటి వచ్చాయి. బండి దగ్గర ఉన్నది నేపాల్ మనిషైతే, చట్నీలో టిముర్ ఉందా భాయ్ అని అడిగి చూడండి. ఉండకపోవచ్చు. ఇక్కడివాళ్ళు తినరని మానేసి ఉండవచ్చు. అయినా ఆ పేరు మీ నోట వినగానే మాట కలుస్తుంది. ఏ జిల్లా, ఇంటి దగ్గర పొదలున్నాయా, అమ్మ పచ్చడి ఎలా నూరేది అని అడగండి. రోజూ ప్లేటు అందుకుని డబ్బులిచ్చి వచ్చేసిన మనిషికి ఒక ఊరు, ఒక కొండ, ఒక వంటిల్లు ఉన్నాయని తెలుస్తుంది.

నాలుగైదు సార్లు చూశాక కూడా మీకు నచ్చకపోతే నచ్చలేదని నిశ్చింతగా రాసుకోండి. అది ఇప్పుడు మీరు సంపాదించుకున్న అభిప్రాయం. నచ్చితే ఇంట్లోవాళ్ళకు పెట్టాలనిపిస్తుంది. ఒక్క జాగ్రత్త: చెప్పకుండా ఎవరికీ పెట్టకండి. సరదా కోసం పెద్దవాళ్ళ కూరలో కలిపి వాళ్ళ ముఖం చూడాలనుకోవద్దు. నాలుక ఉన్నట్టుండి మొద్దుబారితే పక్షవాతమేమోనని హడలిపోయేవాళ్ళుంటారు. ఒక తొక్క చేతిలో పెట్టి, వాసన చూడమని, నోరు జివ్వుమంటుందని, పావుగంటలో సర్దుకుంటుందని చెప్పి, మీరే ముందు నమలండి. వాళ్ళు వద్దంటే డబ్బా మూత పెట్టేయండి, ఇంకో నెలకు మళ్ళీ అడగవచ్చు.